కావలి లేని కానుక

ఈ కథ ఎలా ముగిసిందో ముందే చెప్పేస్తాను. 2022 ఏప్రిల్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఒక చేదు నిజం బయటపెట్టారు. అంతకు ముందు ఏడాది ప్రపంచమంతటా అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో మూడింట రెండు వంతులు ఒక్క పాట ఫైలుకు లొంగిపోయే స్థితిలో ఉన్నాయని వాళ్ల అంచనా. పాట పేరుతో వచ్చిన ఫైలును ఫోను విప్పబోతే చాలు, లోపలి తాళాలు పరాయివాళ్ల చేతికి చిక్కే ప్రమాదం ఉండేది.

ఆ పగులు ఏ శత్రువూ పెట్టింది కాదు. మంచి మనసుతో లోకానికి ఇచ్చిన ఒక కానుకలో పుట్టుకతోనే ఉంది. పదేళ్లు అలాగే ఉంది. చదవడం వచ్చిన ఎవరికైనా కనబడేలా, పట్టపగటి వెలుతురులో ఉంది. ఈ కథలో దుర్మార్గులు లేరు. ఉండి ఉంటే వాళ్లను తిట్టుకుని ఊరట పొందేవాళ్లం. లేరు గనకే దీన్ని తలచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

2004 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఒక కొత్త ధ్వని రూపాన్ని తెచ్చింది. ఆపిల్ లాస్‌లెస్ ఆడియో కోడెక్ అని దాని పూర్తి పేరు. అందరూ ముద్దుగా ఏలాక్ అన్నారు. అప్పటికే పాటలు కంప్యూటర్లలోకి, చొక్కా జేబుల్లోకి వచ్చేశాయి గాని, నిండుగా రాలేదు. ఎంపీ3 పాటను చిన్నది చేసేటప్పుడు మనిషి చెవికి ఆనదనుకున్న దాన్ని విడిచిపెట్టేస్తుంది. విడిచిపెట్టింది మళ్లీ రాదు. ఏలాక్ దేన్నీ విడిచిపెట్టదు. ఇంతవరకు వచ్చిన ధ్వనిని బట్టి తర్వాతి క్షణంలో ఏ ధ్వని వస్తుందో అది ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ నడుమ ఉన్న తేడాను మాత్రమే రాసిపెట్టుకుంటుంది. ఊహ బాగా కుదిరిన చోట తేడా చిన్నది, చిన్న సంఖ్య దాచుకోవడానికి చోటు తక్కువ. అలా ఫైలు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. విప్పేటప్పుడు మళ్లీ అవే ఊహలు చేసుకుంటూ, ఒక్కోదానికి రాసిపెట్టిన తేడాను కలుపుకుంటూ పోతే, సీడీలో ఉన్న ధ్వని ఒక్క బిట్ కూడా తప్పిపోకుండా తిరిగి వస్తుంది.

పల్లవి ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి, చరణం ముగిశాక వీణ తీగ మీద ఇంకా మిగిలి ఉన్న వణుకు, వాద్యాలన్నీ ఆగిన తర్వాత స్టూడియో గదిలో నిలిచిన నిశ్శబ్దం, ఇవన్నీ రికార్డు చేసిన నాడు ఎలా ఉన్నాయో అలాగే. సంగీతమంటే ప్రాణమిచ్చే వాళ్లే ఇలాంటి పని తలకెత్తుకుంటారు. ఎంత కుదురుగా, ఎంత పొందికగా రాశారో ఆ కోడ్ చదివిన వాళ్లకు తెలుస్తుంది. ఇంత శ్రద్ధ పెట్టిన చేతులే ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయాయి.

మొదటి ఏడేళ్లూ ఆ కోడ్ ఆపిల్ గడప దాటలేదు. బయటివాళ్లకు దాని మూలం చూసే వీలు లేదు. 2005లో డేవిడ్ హామర్టన్ అనే ప్రోగ్రామరు దాని లోపలి తీరును బయటి నుంచే తిరగదోడి కనిపెట్టి, ఆ ఫైళ్లను విప్పే డీకోడర్ ఒకటి సొంతంగా రాశాడు. ఆ పని తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులోకి చేరింది. దీన్ని గుర్తుంచుకోవాలి, కథ మళ్లీ దాని దగ్గరికి వస్తుంది.

2011 అక్టోబరు చివరి వారంలో తలుపు తెరుచుకుంది. స్టీవ్ జాబ్స్ కన్నుమూసి నెల కూడా తిరగలేదు. ఆపిల్ తన ఏలాక్ కోడ్ మొత్తాన్ని అపాచీ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ సరుకులో పెట్టి అమ్ముకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. గుట్టుకు పేరుపడ్డ సంస్థ అలా చేయి చాపి ఇవ్వడం చూసి సంగీతాభిమానులు పొంగిపోయారు. పొంగిపోవడం తప్పేమీ కాదు. అది నిజంగానే మంచి రోజు.

ఇక ఆ ప్రశ్న సంగతి. కాస్త దగ్గరగా కూర్చుని చూడాలి.

ఏలాక్ ఫైలులో ధ్వని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కను ఫ్రేము అంటారు. ఫ్రేములో మామూలుగా 4096 శాంపిళ్లు, అంటే క్షణక్షణానికి పట్టిన ధ్వని విలువలు, ఉంటాయి. ఫైలు మొదట్లోనే ఆ కొలత రాసి ఉంటుంది. డీకోడర్ దాన్ని చూసి, మెమరీలో సరిగ్గా అన్నిటికి సరిపడా చోటు కేటాయించుకుంటుంది. కాని పాట ఎప్పుడూ 4096 గుణకాల్లో ముగియదు కదా. చివరి ముక్క పొట్టిగా మిగులుతుంది. అందుకని ప్రతి ఫ్రేములోనూ ఒక చిన్న గుర్తు పెట్టారు, ఒకే ఒక్క బిట్. అది 1 అయితే 'ఇది పూర్తి ఫ్రేము కాదు, ఇందులో ఎన్ని శాంపిళ్లున్నాయో నేనే చెబుతాను' అని అర్థం. ఆ వెంటనే 32 బిట్ల సంఖ్య వస్తుంది. డీకోడర్ మొదట 16 బిట్లు చదువుతుంది, తర్వాత మరో 16 చదువుతుంది, రెంటినీ జతచేస్తుంది. వచ్చిన సంఖ్యను నమ్మి పని మొదలుపెడుతుంది.

అక్కడ ఒక్క వాక్యం ఉండాల్సింది. 'నువ్వు చెప్పిన సంఖ్య నేను కేటాయించిన చోటు కన్నా ఎక్కువా?' అన్న ఒక్క పోలిక. లేదు.

పొట్టిది అని చెప్పుకునే ముక్క ఎప్పుడూ పొట్టిగానే ఉంటుందని రాసినవాళ్లు అనుకున్నారు కాబోలు. వాళ్ల మనసులో ఉన్నది పాట. పాట అబద్ధం చెబుతుందన్న ఊహ వాళ్లకు తట్టి ఉండదు. కాని 32 బిట్ల సంఖ్య 429 కోట్ల దాకా వెళ్లగలదు. ఆ కోడ్‌కు వాడిన సీ, సీ ప్లస్ ప్లస్ భాషలు రాసేవాణ్ణి పూర్తిగా నమ్ముతాయి, హద్దు దాటుతున్నావని వాటంతట అవి హెచ్చరించవు. కుండ నిండాక కూడా పోస్తూనే ఉంటే నీళ్లు నేలపాలవుతాయి. మెమరీలో ఆ నేల లేదు, పక్కనే మరొకరి కుండ ఉంది, అందులో ఉన్నది చెరిగిపోయి మనం పోసింది నిండుతుంది. అక్కడ ఏదో లెక్క ఉండవచ్చు. తర్వాత ఏ పని చేయాలో యంత్రానికి చెప్పే చిరునామా ఉండవచ్చు. దాడి చేసేవాడు ఆ చిరునామా మీద ఏం పడాలో ముందే కూర్చుకుని ఫైలు తయారుచేస్తాడు. ఆ ఫైలులో పాట ఉండదు. పాట వేషం మాత్రం ఉంటుంది.

ఇలాంటి పగుళ్లు ఏలాక్ ఒక్కదానికే ఉన్నాయని కాదు. ధ్వనిని విప్పే డీకోడర్లలో చాలావాటికి ఈ గండం ఉంది. వాటి పనే అలాంటిది: పరాయి చోటు నుంచి వచ్చిన ఫైలును తెరవాలి, అది తన గురించి తాను చెప్పుకునే కొలతలను వినాలి, వేగంగా విప్పాలి, పాట ఆగకూడదు. వేగం కోసమే వాటిని సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాశారు. ఆ తొందరలోనే కావలి జారిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరాల గురించి రాయడమే నాకు కష్టంగా ఉంది. ఆపిల్ తన సొంత డీకోడరును విడిచిపెట్టలేదు. చెక్ పాయింట్ చెప్పిన ప్రకారం, ఆపిల్ ఇంట్లో ఉన్న ప్రతిలో భద్రతా లోపాలను ఎన్నోసార్లు సరిదిద్దుకుంటూ వచ్చింది. అందరికీ పంచిన ప్రతి మాత్రం 2011లో ఎలా బయటికి వచ్చిందో అలాగే ఉండిపోయింది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి మందు అందింది, ఊళ్లోకి పంపిన మరొకరికి అందలేదు. ఇంట్లో కట్టు కట్టిన ప్రతిసారీ ఒక అవకాశం వచ్చి పోయింది. అదే మార్పును బయటి ప్రతిలోనూ చేర్చి, 'తీసుకున్నవాళ్లారా, ఇది కూడా తీసుకోండి' అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కావాలని దాచారని నేను అనుకోను. ఇచ్చేసిన వస్తువు గురించి మరిచిపోవడం మనుషుల స్వభావం. పెద్ద సంస్థల్లో మనుషులు మారతారు, బల్లలు మారతాయి, ఆ కానుక ఎవరి బాధ్యతో చెప్పేవాళ్లు ఉండరు.

తీసుకున్నవాళ్లూ అడగలేదు. అమెరికాలోని క్వాల్‌కామ్, తైవాన్‌లోని మీడియాటెక్, ప్రపంచంలో చాలా ఫోన్లకు చిప్‌లు చేసే ఈ రెండు సంస్థలూ ఆ కోడ్‌ను తమ ఆడియో డీకోడర్లలోకి తెచ్చుకున్నాయి. ఫోను అన్నాక అన్ని రకాల పాటలూ వినిపించాలి. కోడ్ రాసింది ఆ రూపాన్ని కనిపెట్టిన వాళ్లే. లైసెన్సు ఉచితం. ఇంతకన్నా నమ్మకమైన చోటు ఏముంటుంది? వాళ్ల స్థానంలో ఉంటే చాలామంది ఇంజనీర్లు అదే చేసేవాళ్లు.

అక్కడి నుంచి ఆ కోడ్ తన పేరు పోగొట్టుకుంది. చిప్ తయారీదారుడు ఫోను కంపెనీలకిచ్చే సాఫ్ట్‌వేరు మూటలో ఒక చిన్న లైబ్రరీలో ఒక మూల చేరింది. ఆ మూట ఫోనులోకి, ఫోను డబ్బాలోకి, డబ్బా దుకాణంలోకి వెళ్లాయి. మన ఊళ్ల సెల్ షాపుల్లో అద్దాల వెనక పేర్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో అధిక భాగం ఈ రెండు సంస్థల్లో ఒకదాని చిప్‌తోనే నడిచేవి. కొన్న మనిషికి ఏలాక్ పేరు తెలియదు. తన జేబులో అది ఉందని తెలియదు. తన జీవితంలో ఒక్కసారి కూడా ఆ రూపంలో పాట విని ఉండకపోవచ్చు. అయినా అది ఉంది. దాని లోపల ఆ అడగని ప్రశ్నా ఉంది.

లోకం నిద్రపోతూ ఉండిపోయిందా అంటే, గంటలు గట్టిగానే మోగాయి. 2015 జూలైలో జింపీరియం సంస్థలో పనిచేస్తున్న జాషువా డ్రేక్ అనే పరిశోధకుడు ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే భాగం గురించి చెప్పినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఫోనులో వీడియోలను, పాటలను విప్పే లైబ్రరీ అది. దానిలో సంఖ్యల లెక్క తప్పి మెమరీ హద్దు దాటే లోపాలు ఎన్నో బయటపడ్డాయి. 95 కోట్ల ఫోన్లు ప్రమాదంలో ఉన్నాయన్నారు. ఒక ఎంఎంఎస్ వస్తే చాలు. మనిషి తెరవనక్కర్లేదు, నిద్రలో ఉన్నా సరే, ముందుగా చూపించడానికి ఫోను తనంతట తానే దాన్ని విప్పేది. అక్టోబరులో అదే సంస్థ మరో కబురు తెచ్చింది. ఈసారి ఎంపీ3 పాటలు, ఎంపీ4 వీడియోలు మార్గం. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ నుంచీ ఉన్న లోపం అందులో ఒకటి.

ఆ భయం వృథా పోలేదు. గూగుల్ ప్రతి నెలా భద్రతా సవరణలు విడుదల చేసే అలవాటు ఆ ఆగస్టులోనే మొదలైంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7లో ఆ మీడియా భాగాన్ని ముక్కలు చేసి, ఒకదాన్ని ఛేదిస్తే అన్నీ చేజిక్కకుండా గోడలు కట్టారు. లైబ్రరీల్లో వెతుకులాట జరిగింది. కాని ఆ దీపం వెలుతురు చిప్ తయారీదారుల మూటలో ఆ మూల దాకా చేరలేదు. 'ఈ డీకోడర్ ఎక్కడి నుంచి వచ్చింది, దాని మూలం చివరిసారి ఎప్పుడు మారింది?' అని ఆ సంవత్సరాల్లో ఎవరైనా అడిగి ఉంటే, జవాబు వెంటనే దొరికేది: 2011. ఆ జవాబే ఎవరినైనా ఆలోచనలో పడేసేది.

మరో గంట 2018 మార్చిలో మోగింది. కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన, సాఫ్ట్‌వేరు లోపాలను పట్టే పోన్‌టుఓన్ పోటీలో రిచర్డ్ జూ అనే కుర్రాడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును ఓడించాడు. దారి ఇచ్చింది వోర్బిస్ అనే ధ్వని రూపాన్ని విప్పే లైబ్రరీ. అది కూడా ఉచితంగా ఇచ్చిన కానుకే, అది కూడా సీ భాషలోదే, అక్కడా హద్దు దాటి మెమరీలో రాయడమే. కాని అక్కడ జరిగిన పని చూస్తే కళ్లు చెమర్చుతాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు కొద్ది రోజులు కూడా ఆగకుండా సవరణ విడుదల చేశారు. అంతటితో ఊరుకోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వోర్బిస్ బదులు ట్రెమర్ అనే చెల్లెలు లైబ్రరీ వాడుతున్నామని గుర్తుచేసుకుని, అందులోనూ అదే జబ్బు ఉందేమో చూశారు. ఉంది. దానికీ కట్టు కట్టారు. ఒక బిడ్డకు జ్వరం వస్తే రెండో బిడ్డ నుదురు తాకి చూడడమే అది. ఏలాక్‌కు ఆ చేయి దొరకలేదు.

ఇక ముందు గుర్తుంచుకోమన్న సంగతి. డేవిడ్ హామర్టన్ రాసిన దాని నుంచి ఎదిగిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ డీకోడరును ఎంతోమంది చేతులు పెంచాయి. ఒకరు రాశారు, మరొకరు దిద్దారు, ఇంకొకరు మొత్తం తిరగరాశారు. ఆ కోడ్‌లో సరిగ్గా ఆ చోటుకే వెళ్లి చూడండి. పొట్టి ఫ్రేము గుర్తు, 32 బిట్ల సంఖ్య, ఆ వెంటనే ఒక పోలిక. సంఖ్య సున్నా అయినా, గరిష్ఠాన్ని మించినా అది తప్పుడు ఫైలని చెప్పి పని ఆపేస్తుంది. ఒక్క వాక్యం. చెక్ పాయింట్ బయటపెట్టడానికి ఏళ్ల ముందే అది అక్కడ రాసి ఉంది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఆపిల్ పంచిన కోడ్ ఒక కిటికీలో, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కోడ్ మరో కిటికీలో పక్కపక్కన పెట్టుకుని చదివే మనిషి ఆ పదేళ్లలో ఒక్కరు ఉండి ఉంటే! తండ్రి ఇంట పుట్టిన కోడ్ కన్నా, ఆనవాళ్లు పట్టుకుని బయటివాడు రాసిన కోడే భద్రంగా బతికింది. ఈ మాట రాస్తుంటే నా గొంతు పూడుకుపోతోంది.

2021 వచ్చింది. చెక్ పాయింట్ పరిశోధకులు ఆ మూలకు చేరారు. తాము చూసింది బయట చెప్పకుండా ముందు క్వాల్‌కామ్‌కూ మీడియాటెక్‌కూ తెలియజేశారు. ఆ ఏడాది డిసెంబరులో రెండు సంస్థలూ సవరణలు ప్రకటించాయి. భద్రతా లోపాల జాబితాలో క్వాల్‌కామ్ లోపానికి సీవీఈ-2021-30351 అనే సంఖ్య పడింది. తీవ్రత 10కి 9.8. పాట మోగేటప్పుడు అందే ఫ్రేముల సంఖ్యను సరిగా సరిచూడకపోవడం వల్ల మెమరీ హద్దు దాటడం అని దాని వివరణ సారాంశం. పదేళ్ల నిశ్శబ్దం ఆ ఒక్క పంక్తిలో ఇమిడిపోయింది. మీడియాటెక్ వైపు రెండు లోపాలు, ఒకదాని తీవ్రత 7.8, రెండోదానిది 5.5. వీటిని వాడుకుంటే ఎక్కడో దూరాన ఉన్నవాడు ఒక పాట ఫైలు పంపి ఫోనులో తన కోడ్ నడిపించవచ్చని, కెమెరా దృశ్యాలను కూడా తన వైపు తిప్పుకోవచ్చని పరిశోధకులు చెప్పారు. ఏ అనుమతీ లేని చిన్న యాప్ కూడా మనిషి మాటలు వినగలిగే స్థాయికి ఎదగవచ్చన్నారు.

మనం పోగొట్టుకున్నది ఏమిటి? నాకు తోచింది చెబుతాను. పాటను మనం ఎప్పుడూ అనుమానించలేదు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే జాగ్రత్తపడ్డాం, లింకు వస్తే నొక్కవద్దని పెద్దవాళ్లకు చెప్పాం, ఓటీపీ ఎవరికీ ఇవ్వవద్దని వందసార్లు హెచ్చరించాం. పాట విషయంలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరో పంపిన పాటను నమ్మకంతో, కళ్లు మూసుకుని వినడం మనకు చిన్ననాటి నుంచీ ఉన్న హక్కు అనుకున్నాం. ఆ హక్కు చిరిగింది. దాన్ని ఇక కుట్టి వాడుకోవాల్సిందే.

డిసెంబరు సవరణ అందరికీ అందలేదన్నది మరో దుఃఖం. చిప్ సంస్థ సరిదిద్దుతుంది, ఫోను కంపెనీ దాన్ని తన సాఫ్ట్‌వేరులో కలపాలి, కలిపి పంపాలి. రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయిన చవక ఫోన్లకు ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. కొడుకు కొత్తది కొనుక్కుని పాతది తండ్రికిస్తాడు. తండ్రి నుంచి అది పనిమనిషి ఇంటికి, వాళ్ల పిల్లవాడి చేతికి వెళుతుంది. చేతులు మారేకొద్దీ ఫోను పేదవాడి దగ్గరికి చేరుతుంది, సవరణ దూరమవుతుంది.

తర్వాత కూడా పాఠం పూర్తిగా అందలేదు. 2024లో గూగుల్‌లో భద్రతా లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందానికి చెందిన నటాలీ సిల్వనోవిచ్ సామ్‌సంగ్ ఫోన్లలో మరో లోపం పట్టుకున్నారు. మంకీస్ ఆడియో అనే మరో ధ్వని రూపాన్ని విప్పే భాగం అది. అక్కడా కేటాయించిన చోటుకు మించి రాయడమే. సందేశంగా వచ్చిన ఆడియోను అక్షరాల్లోకి మార్చి చూపించడం కోసం మనిషి ముట్టుకోక ముందే ఫోను దాన్ని విప్పేది. మనకు సాయం చేద్దామని పెట్టిన సదుపాయమే తలుపు తీసింది. డిసెంబరులో సామ్‌సంగ్ దాన్ని మూసింది.

2025 ఏప్రిల్ 16న ఆపిల్ ఐఓఎస్ 18.4.1 విడుదల చేసింది. ఈసారి జబ్బు సొంత ఇంట్లో, ధ్వనిని చూసుకునే కోర్ ఆడియో భాగంలో. దురుద్దేశంతో తయారుచేసిన మీడియా ఫైలులోని ఆడియోను విప్పితే ఫోనులో పరాయి కోడ్ నడిచే వీలు ఉందని ఆ సంస్థ ప్రకటించింది. దాన్ని కనిపెట్టిన వాళ్లుగా ఆపిల్‌నూ గూగుల్ థ్రెట్ అనాలిసిస్ గ్రూపునూ పేర్కొంది. వైద్యం ఏమిటో ఒక్క పంక్తిలో రాశారు: హద్దుల తనిఖీని మెరుగుపరిచాం. ఏలాక్ పుట్టిన ఇరవై ఒకటో ఏడాది, అదే ఇంట్లో, అదే మందు. కాని గత కథలన్నిటికీ లేని ఒక వాక్యం దీనికి తోడైంది. ఎంపిక చేసుకున్న కొందరు వ్యక్తుల మీద ఎంతో నేర్పుతో చేసిన దాడిలో ఈ లోపాన్ని వాడి ఉండవచ్చని తమకు తెలిసిందని ఆపిల్ ఒప్పుకుంది. ఆ వ్యక్తులెవరో చెప్పలేదు. వాళ్ల ఫోన్లలో ఎవరి మాటలు ఉన్నాయో, ఎవరి ఫొటోలు ఉన్నాయో, వాళ్లను నమ్మి ఎవరెవరు ఏమేం చెప్పుకున్నారో ఆ ప్రకటనలో లేదు. తనిఖీ మెరుగుపడింది. అది వాళ్ల దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది.